పెరటిచెట్టు మందుకు వచ్చును





పెరటిచెట్టు మందుకు రాదని తెలుగునాట ఒక సామెత కలదు. దగ్గర ఉన్నదానిని మనము లెక్కచేయమని దాని భావము. సొంత ఊరి వైద్యుని విడిచి పొరుగూరి వైద్యుని వెదకువారిని చూచి పెద్దలు ఈ మాట అనెడివారు. మనుష్యులను గూర్చి వాడుకలోనికి వచ్చిన ఈ సామెతను నేడు నిజముగా చెట్టును గూర్చియే చెప్పవలసి వచ్చుచున్నది. మనస్సు బాగుండలేదని, నిద్ర పట్టుట లేదని, ఇంటిలో అన్నియు ఉన్నను ఏదో ఊపిరాడనట్లున్నదని నాతో చెప్పుకొనువారు ఈ మధ్య ఎక్కువైనారు. వారిలో చాలమంది ఏ కొండకో, ఏ నదీతీరమునకో పోయి నాలుగు దినములు ఉండి వచ్చిన బాగుండునని తలచుచుందురు. పోయి వత్తురు కూడ. వచ్చిన వారము దినములకు మరల యథాప్రకారమే. యాత్ర వలదని నేననను. కాని ఆ నాలుగు దినములలో వారికి హితము చేసినది ఏదో, దానిలో కొంత భాగము వారి గుమ్మము ముందే ఉన్నది. శాస్త్రము దానిని మన నిత్యకర్మలో చేర్చి పెట్టినది. ఆ సంగతిని ఈనాడు మనవి చేయదలచినాను.

మన ఆంధ్రదేశమున వేదాధ్యయనము చేయువారిలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేదమునందలి తైత్తిరీయశాఖ వారు. ఆ శాఖలో ఆరణ్యకమను భాగము కలదు. అరణ్యమున చదువదగినది కావున దానికి ఆ పేరు వచ్చినది. అందులో రెండవ ప్రపాఠకమున బ్రహ్మయజ్ఞము విధింపబడినది. బ్రహ్మయజ్ఞమనగా గృహస్థుడు ప్రతిదినము చేయవలసిన వేదపఠనము. పంచమహాయజ్ఞములలో అది ఒకటి. దానిని ఎచ్చట కూర్చుండి చేయవలెనో వేదము ఏమి చెప్పినదో వినుడు. ఊరి నుండి తూర్పునకు గాని, ఉత్తరమునకు గాని, ఈశాన్యమునకు గాని పొమ్మన్నది. ఎంత దూరము? ఇన్ని క్రోసులని లేదు, ఇన్ని యోజనములని లేదు. ఇండ్ల పైకప్పులు కంటికి కనబడనంత దూరము పొమ్మన్నది. సూర్యుడు ఉదయించిన పిదప అచ్చట కూర్చుండి చదువుకొమ్మన్నది.

ఈ కొలతను ఒక్క నిమిషము ఆలోచించి చూడుడు. పూర్వపు గ్రామము నుండి అట్టి చోటికి పోవుటకు అరగడియ పట్టియుండును. పోయి, చదువుకొని, తిరిగి వచ్చి, దేవతార్చన చేసి, అతిథికి అన్నము పెట్టి, పొలము పని చూచుకొనవచ్చును. ఇది సన్న్యాసికి చెప్పిన మాట కాదు. ఇల్లు, ఇల్లాలు, బిడ్డలు, పశువులు ఉన్నవానికి చెప్పిన మాట. హిమాలయములకు పొమ్మనలేదు, ఇంటికి దగ్గరగానే ఉన్న చేనిగట్టు వరకు, చెరువుగట్టు వరకు పొమ్మన్నది. అయితే గోడలు కనబడరాదని గాని, గుమ్మములు కనబడరాదని గాని చెప్పక పైకప్పులనే ఏల చెప్పవలెను? కప్పు కనబడుచున్నంతవరకు కప్పు క్రింద ఉన్నవన్నియు మనస్సున మెదలుచునే యుండును. కురియుచున్న తాటాకు, తీరని అప్పు, ఉదయము కోడలితో వచ్చిన మాటపట్టింపు. ఇది నా ఊహ మాత్రమే. భాష్యకారుల మాటగా తీసికొనకుడు.

వేదమాత తల్లి గదా. బిడ్డలందరును ఒకే శక్తి గలవారు కారని ఆమెకు తెలియును. అందుచేత ఆ తరువాతి అనువాకముననే సడలింపు కూడ ఇచ్చినది. బలము లేనివాడు ఊరిలోనే ఉండి, పగలు గాని రాత్రి గాని, మనస్సులోనే చెప్పుకొనవచ్చునని ఆహ్నేయుడగు శౌచుడను ఋషి అభిప్రాయము. నిలుచుండియైనను, నడచుచునైనను, కూర్చుండియైనను, పండుకొనియైనను అధ్యయనము మానవద్దని అచ్చటనే ఉన్నది. ముందు చెప్పినది విధి. తరువాత చెప్పినది అశక్తునకు ఇచ్చిన వెసులుబాటు. మనమేమి చేసినాము? వెసులుబాటును మాత్రమే పట్టుకొన్నాము. కాళ్ళు బాగుగా ఉన్నవారము కూడ గదిలో దీపము వేసికొని, తలుపు మూసికొని, గోడకు ఎదురుగా కూర్చుండి సంధ్య వార్చుచున్నాము. అందరికంటె ముందు ఈ తప్పు చేసినవాడను నేనే కావున కొంత నా సంగతి చెప్పక తప్పదు.

నేను పుట్టినది కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక అగ్రహారమున. ఎనిమిదవ ఏట పాఠశాలలో చేరినాను. 2017లో నా సహధర్మచారిణి గతించినది. ఈ వయస్సున ఒంటరిగా ఉండవద్దని పిల్లలు నన్ను హైదరాబాదునకు తీసికొనివచ్చినారు. మూడవ అంతస్తు. కోడలు కన్నకూతురివలె చూచుచున్నది, లోపమేమియు లేదు. అయినను ఆరునెలలు నేను ఆ గది విడిచి రాలేదు. అర్ఘ్యము పళ్ళెములోనే విడిచెడివాడను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, మరల కన్ను మూతపడెడిది కాదు. అప్పుడు పనస చెప్పుకొందమన్నను స్వరము జారిపోవుచుండెడిది. అరువదియేండ్ల అభ్యాసమున నాకు అట్లు ఎన్నడును కాలేదు. శిష్యులు ఫోను చేసిన మాట్లాడుటకు విసుగు పుట్టెడిది. వైద్యుడు మందు వ్రాసి ఇచ్చి, ఉదయము క్రిందికి దిగి కొంచెము నడువుమన్నారు. ఎక్కడ నడువవలెను, లారీల నడుమనా అని ఆయనపై కోపపడి వచ్చినాను.

మరుసటి చైత్రమాసమున ఒకనాడు ఆరవేసిన నా పంచె గాలికి ఎగిరి క్రింద పడినది. ఇంటిలో ఎవరును లేరు. కరెంటు పోయి లిఫ్టు ఆగినది. గోడ పట్టుకొని నేనే మెట్లు దిగినాను. పంచె గేటు ప్రక్కనున్న చెట్టుకొమ్మకు చిక్కుకొనియున్నది. వాచ్‌మన్ భార్య కఱ్ఱతో దానిని తీయుచుండగా, నేను తల యెత్తి చూచినాను. చెట్టంతయు లేజిగురు. నూనె రాచినట్లు మెరయుచున్న ఆకు, ఎండ దానిగుండ వడకట్టినట్లు క్రిందికి దిగుచున్నది. ఇదేమి చెట్టు తల్లీ అని అడిగినాను.

"కానుగ గదా అయ్యగారూ, మీకు తెల్వదా?" అన్నది ఆమె.

నేను సిగ్గుపడినాను. ఎందుకనగా కానుగకు సంస్కృతమున ఏమి పేర్లున్నవో నాకు తొమ్మిదవ ఏటి నుండి కంఠస్థము. అమరకోశమున ద్వితీయకాండములో వనౌషధివర్గమని ఉన్నది. చెట్లు, తీగెలు, గడ్డి, గాదము, పువ్వు, కాయ, అన్నిటి పేర్లును అందులో వచ్చును. నక్తమాలము, కరంజకము అని కానుగకు పేర్లు అందులోనే ఉన్నవి. నిద్రలో లేపి అడిగినను తడుముకొనకుండ చెప్పగలను. ఆ నక్తమాలము ఆరునెలలుగా నా కిటికీ క్రిందనే నిలిచియున్నది. అది ఇది అని నేనెరుగను. తప్పు పాఠశాలది కాదు. మా గురువుగారు హోమమునకు సమిధలు తెమ్మని మమ్ములను తోటలవెంబడి పంపెడివారు. జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ, నవగ్రహములకు చెప్పిన ఈ తొమ్మిదింటిని నేను చీకటిలో తడిమియైనను గుర్తుపట్టగలను. చేతితో కోసినవి గనుక. తక్కినవి నాలుకమీదనే నిలిచిపోయినవి.

పంచె చేతికి వచ్చిన తరువాత కూడ నేను అచ్చటనే నిలిచియున్నాను. చుట్టును అయిదేసి అంతస్తుల భవనములు. నేటి హైదరాబాదులో పైకప్పులు కనబడని చోటు వెదకుచు ఈశాన్యముగా బయలుదేరిన, చేరునప్పటికి భోజనవేళ దాటును. కాని ఆ కానుగ క్రింద నిలిచి తల యెత్తిన ఒక్క కప్పును కనబడలేదు. ఆరణ్యకపు మాట అప్పుడు స్మరణకు వచ్చినది. మరునాడు కుర్చీ ఒకటి, పంచపాత్ర ఒకటి క్రిందికి తెప్పించుకొన్నాను.

ఒక్కనాటిలో బాగుపడినానని చెప్పిన అసత్యము. మందు కూడ వేసికొన్నాను. వైద్యుడు చాలునన్న తరువాతనే మానినాను. ఆషాఢమునకు నిద్ర నాలుగు గంటల వరకు పట్టసాగినది. స్వరము నిలిచినది. మొదట కూర్చుండి ఊరక చూచెడివాడను. కొన్ని దినములకు చూచుటకు ఎన్నియో ఉన్నవని తెలిసినది. ఆకులమీద తెల్లని వంకరగీతలు గీయు పురుగు ఒకటి ఉన్నది. పూతకాలమున తెలుపును లేత ఊదాయు కలిసిన చిన్నపూలు నేలంతయు పరచుకొనును. వాచ్‌మన్ పొద్దున ఊడ్చిన చోటు సాయంకాలమునకు మరల నిండును. తేనెటీగల రొద వినవలెనన్న ఆ దినములలో వినవలెను. ఒక ఉడుత నన్ను పదిదినములు అనుమానించి, పదునొకండవ దినమున కుర్చీ క్రిందుగా పోయినది.

ఇది మనస్సునకు ఎట్లు పనిచేయునో కొంచెము విచారింతము. గీతలో పదునేడవ అధ్యాయమున మానసతపస్సును చెప్పుచు భగవానుడు మొట్టమొదట మనఃప్రసాదమును చెప్పినాడు. ప్రసాదమనగానే మనకు లడ్డు, పులిహోర తోచును. సంస్కృతమున ఆ మాటకు తేటదనమని అర్థము. నీరు తేరుకొనుటను ఆ ధాతువుతోనే చెప్పుదురు. గోదావరికి క్రొత్తనీరు వచ్చిన దినములలో మా ఊరి ఆడవారు కడవలో ఎర్రనీరు తెచ్చి, చిల్లగింజను అరగదీసి అందులో కలిపి, కదలింపక ఉంచెడివారు. కొంతసేపటికి మన్ను అడుగునకు దిగి, పైన తేట నిలిచెడిది. ఎవరును ఆ మన్నును చేతితో ఏరి తీయలేదు. చేయి పెట్టిన ఇంకను కలగును. మనస్సున ఉన్న చింతను పొమ్మని గదమాయించుట కడవలో చేయి పెట్టి కలచుటవంటిది. ఆకు కదలుటను చూచుచున్నప్పుడు మనము మనస్సుతో ఏమియు చేయుట లేదు. అది తనంతట దిగును. జపమునకు కూర్చుండగానే మనస్సు నిలువదని బాధపడువారు, జపమునకు ముందు కొంతసేపు చెట్టువంక చూచి కూర్చుండుడు. నాకు అనుభవమైన మాట ఇది.

వైద్యము చదివిన మా మేనల్లుడు ఒకడు ఈ సంగతి విని, పాశ్చాత్యులు కూడ దీనిని పరిశీలించినారని చెప్పినాడు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగినవారి రికార్డులను రోజర్ ఉల్రిచ్ అను శాస్త్రజ్ఞుడు తీసి చూచినాడట. కిటికీలోనుండి చెట్లు కనబడు గదులలో ఉన్నవారు 23 మంది, ఇటుకగోడ మాత్రమే కనబడు గదులలో ఉన్నవారు 23 మంది. చెట్లను చూచినవారు సగటున 8 దినములలోపే ఇంటికి పోయినారు. గోడను చూచినవారికి 8 దినములు దాటినది. తీవ్రమైన నొప్పి మందులు కూడ చెట్లను చూచినవారికి తక్కువ కావలసివచ్చినవి. 1984లో ఇది సైన్స్ అను పత్రికలో వెలువడినది. ఇంగ్లండులో సుమారు 20,000 మంది చెప్పిన వివరములను పరిశీలించి 2019లో మరొక వ్యాసము వచ్చినదట. వారమునకు 120 నిమిషములైనను పచ్చదనము నడుమ గడిపినవారు తాము ఆరోగ్యముగా, సంతోషముగా ఉన్నామని ఎక్కువగా చెప్పినారు. ఆ కాలము ఒక్కసారిగా గడిపినను, కొంచెము కొంచెముగా గడిపినను భేదము కనబడలేదు. ఆరోగ్యము గలవారే బయట ఎక్కువ తిరుగుదురేమో గదా అని నేనడిగినాను. ఆ సందేహము వారికిని ఉన్నదని మా వాడు ఒప్పుకొన్నాడు. 120 నిమిషములను ఏడు దినములకు పంచిన దినమునకు పదునేడు నిమిషములు. తొందరలేక చేసిన సంధ్యావందనము అంతకంటె ఎక్కువ కాలము పట్టును.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. ప్రకృతిని చూచినంతమాత్రమున అన్ని దుఃఖములును తీరునని ఎవరైన చెప్పిన నమ్మకుడు. శ్రీమద్రామాయణమునే తీసికొనుడు. అయోధ్యాకాండమున చిత్రకూటమును సీతమ్మకు చూపుచు శ్రీరాముడు, ఈ కొండను చూచుచున్నప్పుడు రాజ్యము పోయినదని గాని, ఆప్తులకు దూరమైతినని గాని నాకు బాధ లేదన్న భావము పలుకును. అదే రాముడు కిష్కింధాకాండము మొదట పంపాసరస్సు చెంత నిలిచినాడు. వసంతకాలము. చిత్రకూటముకంటె అందము తక్కువేమియు లేదు. కాని అచ్చటి ప్రతి పువ్వును, ప్రతి పక్షియు ఆయన శోకమును రెట్టింపు చేసినవి. ప్రక్కన సీత లేదు. అప్పుడు ఆయనను నిలువబెట్టినది పంప కాదు, లక్ష్మణుని మాట. ఆదికవి ఎంతటి సత్యవాదియో చూడుడు. కావున మిక్కిలి దుఃఖములో ఉన్నవానిని, చెట్టు క్రింద కూర్చుండుము, అన్నియు సర్దుకొనునని చెప్పి ఒంటరిగా పంపకుడు. మీరు కూడ పొండు. వైద్యుడు అవసరమైన వైద్యుని వద్దకు తీసికొనిపొండు. నాకును ఆ కానుగ క్రింద వాచ్‌మన్ భార్య రెండు మాటలు మాట్లాడకపోయిన, పంచె తీసికొని పైకి పోయియుందునేమో.

ఇక పిల్లల సంగతి. భాద్రపద శుద్ధ చవితినాడు వినాయకునకు ఇరువదియొక్క పత్రములతో పూజ చేయుదుము. మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతము, దానిమ్మ, దేవదారు, మరువము, వావిలి, జాజి, గండకి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. ఈ పూజకు ముందునాడు పిల్లలందరును బుట్టలు పట్టుకొని ఊరంతయు తిరిగెడివారు. నేడు సంతలో కట్ట దొరకుచున్నది. ఆ కట్ట విప్పి చూచిన వారికి తెలియును, అందులో ఏ కంపయో, ఏ కొమ్మయో, నాలుగు రకములే ఉండును. పురోహితుడు పత్రము పేరు చదువును. యజమాని చేతికందిన ఆకు వేయును. అమ్ముకొనువారిని నేను నిందింపను. కొనువారికి ఆకు తెలియనప్పుడు అమ్మువానికి మాత్రము ఏల తెలియవలెను?

కొన్ని ఏండ్ల క్రిందట నా మనుమనికి తొమ్మిదవ ఏడు. కట్ట కొనవద్దని చెప్పి, చవితికి ముందునాడు వానిని వెంటబెట్టుకొని బయలుదేరినాను. మా వీథిచివర ఇల్లు కట్టక విడిచిన స్థలము ఒకటి ఉన్నది. వాన కురిసిన దినములు గనుక అందులో గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, రేగుకంప దొరికినవి. విష్ణుక్రాంతమును వాడే కనిపెట్టినాడు. గోరంత నీలిపువ్వు, నేలకు అంటిపెట్టుకొని ఉండును. నా కంటికి ఆనలేదు. పాతగోడ పగులులో రావిమొక్క మొలిచియున్నది. రోడ్డు నడుమ గట్టుమీద గన్నేరు. మామిడియు, దానిమ్మయు పొరుగువారి ఆవరణలో అడిగి తెచ్చుకొన్నాము. తులసి ఇంటిలోనే ఉన్నది. మొత్తము పదకొండు. ఇల్లు చేరునప్పటికి ఉత్తరేణి గింజలు నా పంచె అంచంతయు పట్టుకొన్నవి. వాడు కూర్చుండి ఒక్కొక్కటి ఏరినాడు. ఆ చెట్టును వాడిక మరువడు. దొరకని పత్రములకు అక్షతలు సమర్పింపవచ్చును. దేవదారువు హిమాలయ ప్రాంతమున పెరుగు వృక్షము. దానికి బదులు ఏదో ఆకు వేసి దేవదారువని చెప్పుటకంటె అక్షతలే మేలు.

పిల్లలను పంపు తల్లులకు ఒక హెచ్చరిక. ఈ పత్రములలో ఉమ్మెత్త, గన్నేరు విషములు. నోటిలో పెట్టుకొనరాదు. జిల్లేడుపాలు కంట పడిన ప్రమాదము. వాకుడుకు ఆకుమీదనే ముళ్ళుండును. కోసిన తరువాత చేతులు కడుగుకొనకుండ కన్ను నులుముకొనవద్దని ముందే చెప్పవలెను. పూజకు వచ్చినంతమాత్రమున అన్నియు తినదగినవి కావు. వర్షకాలము గనుక పొదలో చేయి పెట్టునప్పుడు ముందు కఱ్ఱతో కదలించి చూడవలెను.

కోయుటకును ఒక మర్యాద ఉన్నది. ద్వాదశినాడు తులసి కోయరాదని, సాయంసంధ్య దాటిన తరువాత కోయరాదని పెద్దలు చెప్పినారు. చెట్టును ముందుగా ప్రార్థించి, కావలసినంతయే తీసికొనవలెను. దసరానాడు జమ్మిచెట్టు గతి ఏమగుచున్నదో మీకు తెలియును. ఆకు కావలసినవాడు కొమ్మ విరుచును, కొమ్మ కావలసినవాడు మానునకు వ్రేలాడును. భక్తి పేరిట చెట్లకు మనము చేయు అపకారము కొంచెము కాదు. రావిచెట్టు మొదట దీపము పెట్టుట మంచిదే; బెరడు మాడునట్లు పెట్టుట ఎవరు చెప్పినారు? విరిగిన పటములు, పాత క్యాలెండర్లు, ప్లాస్టిక్ సంచులలో కట్టిన నిర్మాల్యము, అన్నియు ఆ చెట్టు మొదటనే. ఒక ఊరిలో రావిచెట్టు చుట్టును వేరు ఊపిరాడకుండ సిమెంటు పోసి, దానిపై పాలరాయి పరచి, ఇచ్చిన దాత పేరు చెక్కించినారు. నాలుగేండ్లలో చెట్టు ఎండినది. పేరు మిగిలినది. కార్తిక వనభోజనములు కూడ ఇప్పుడు ఫంక్షను హాలులో జరుగుచున్నవి. ఉసిరికొమ్మ ఒకటి కుండలో గ్రుచ్చి నడుమ నిలుపుదురు. వనము అదియే, భోజనము మాత్రము సమృద్ధిగా ఉండును.

చెట్టు లేనిచోట ఆకాశమైనను ఉన్నది గదా. పంచాంగము గోడకు వ్రేలాడుచున్నది. తిథి చూచుటకు దానివద్దకు పోవుదుము. తిథిని చంద్రుడే చెప్పును. డాబా యెక్కి పదిహేను దినములు చూచినవానికి అష్టమి ఎట్లుండునో, ఏకాదశి ఎట్లుండునో కన్ను చెప్పగలదు. చవితినాడు చంద్రుని చూడరాదని నియమము పెట్టినారన్న, తక్కిన దినములలో అందరును చూచుచునే యుండిరని గదా అర్థము! వివాహములలో అరుంధతీదర్శనము చేయించుచున్నాము. పగటి ముహూర్తమున పురోహితుడు పైకి చేయి చూపును, వధూవరులు కనబడినదని తల ఊపుదురు. నేనును అట్లు చేయించినవాడనే. చైత్రవైశాఖములలో రాత్రి భోజనమైన తరువాత ఉత్తరదిక్కున సప్తర్షిమండలము ఎత్తున కనబడును. అందులో వసిష్ఠుని ఆనుకొని అరుంధతి సన్నగా ఉండును. మంచి కన్ను గలవారికి నగరమున కూడ కనబడును. పెండ్లియైన ముప్పది యేండ్లకైనను ఒకసారి దంపతులు డాబా యెక్కి చూచుకొనుడు.

మంచము దిగలేనివారు ఏమి చేయవలెనని ఒక తల్లి క్రిందటి సభలో అడిగినది. వేదము పండుకొనినవానిని కూడ విడువలేదని ముందే చెప్పినాను. మంచమును కిటికీవైపు త్రిప్పుడు. టీవీవైపు కాదు. కిటికీలో ఒక తులసికుండ ఉంచుడు. వారి చేతికి చిన్నచెంబు ఇచ్చి వారినే నీరు పోయనిండు. భూతబలిగా నాలుగు మెతుకులు గోడపై పెట్టిన కాకి వచ్చును, పిచ్చుక ఉన్నచోట పిచ్చుకయు వచ్చును. భాగవతమున ఏకాదశస్కంధములో అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను చెప్పును. వారిలో పావురమున్నది, తేనెటీగ ఉన్నది, సాలెపురుగు ఉన్నది, దీపమున పడు మిడుత ఉన్నది. వీనిని చూచుటకు ఏ అడవికిని పోనక్కరలేదు. సాలెపురుగు మన గదిమూలలోనే నేయుచున్నది. పావురములు రాకుండ మనము బాల్కనీలకు వలలు కట్టించుచున్నాము. అవి చేయు మలినము నాకును తెలియును, కోడలి కష్టము నేనెరుగుదును. వలకు ఆవలనుండియైనను గురువే గదా.

ఈ ఏడు చవితికి ఇంకను నెలదినములున్నవి. మనుమడు ఇప్పుడు పెద్దవాడైనాడు, పట్టిక వాని చేతనే ఉన్నది. పదునొకటి పదునేడైనవి. జమ్మి దేవాలయపు ఆవరణలో ఉన్నది. వావిలి ఒక పాఠశాల ప్రహరీవెంబడి దొరికినది. మారేడు, జాజి, మరువము మా వీథిలోనివారు కుండలలోను నేలలోను వేసినారు. వాకుడు ఊరి వెలుపల గుట్టదారిలో కనబడినది. మద్దిచెట్టు మాత్రము ఈ ప్రాంతమున నాకింకను కనబడలేదు. నీటియొడ్డున పెరుగు చెట్టు గనుక ఏ చెరువుగట్టుననో ఉండవచ్చును. మీలో ఎవరికైన తెలిసిన, సభ ముగిసిన తరువాత ఒక్క నిమిషము ఆగి నాకు చెప్పి పొండు.